తడి ప్రదేశం నెంబరు ఏడు

మా ఏరియా ఆసుపత్రిలో ఏడాది కాలంలో యాభై రెండు చేపలు చనిపోయాయి. నిజానికి యాభై మూడు. ఆ ఒక్కటీ అంబులెన్సులో, మా కాంపౌండు గోడ దాటాక పోయింది కాబట్టి దాన్ని మా రికార్డులోకి ఎక్కించలేదు. ఈ లెక్కలు రాసేవాణ్ణి నేనే. నా పేరు భుజంగరావు, ఆసుపత్రి ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుని. పందొమ్మిదేళ్ళుగా ఇక్కడే కూర్చుని మనుషుల జననాలూ మరణాలూ రాస్తున్నాను. చేపలవి కూడా రాయాల్సి వస్తుందని ఉద్యోగంలో చేరేటప్పుడు ఎవరూ చెప్పలేదు.

అసలు సంగతి హైదరాబాదులో జరిగిన మూడు రోజుల శిక్షణతో మొదలైంది. మా సూపరింటెండెంటు డాక్టర్ విశ్వంభరరావు గారు దానికి వెళ్ళి, ఒక సంచీతో, ఒక పెన్నుతో, ఒక నమ్మకంతో తిరిగొచ్చారు. ఆ ఏడాది నుంచి ఆసుపత్రులకి ‘సంపూర్ణ నాణ్యతా పతకం’ ఇస్తారట. దానికి నాలుగు వందల పన్నెండు అంశాల పరీక్ష ఉంటుంది. అందులో మూడు వందల ఆరో అంశం: ‘వేచి ఉండు హాలులో రోగులకు మనశ్శాంతి కలిగించు ఏర్పాటు గలదా?’

మనశ్శాంతికి అడ్డొచ్చేవి మా హాల్లో చాలానే ఉన్నాయి. నాలుగు ఫ్యాన్లలో రెండు తిరగవు. ఎక్స్‌రే గది తలుపుకి ‘మిషను రిపేరు’ అన్న అట్టముక్క ఎనిమిది నెలలుగా వేలాడుతోంది. ఉన్న బెంచీలు ఆరు, రోజూ వచ్చే రోగులు నాలుగు వందల మంది. కానీ ఉన్నవాటిని తీసెయ్యమని ఆ అంశంలో లేదు. కొత్తగా ఒకటి పెట్టమని మాత్రమే ఉంది. ఈదే చేపల్ని చూస్తే రక్తపోటు తగ్గుతుందని శిక్షణలో ఎవరో చెప్పారట. పదిహేను రోజుల్లో నాలుగడుగుల గాజు తొట్టి, దాంట్లో పన్నెండు చేపలు మా హాల్లో వెలిశాయి.

తొట్టి బిగించడానికొచ్చిన కుర్రవాడు పని తెలిసినవాడు. వెళ్ళే ముందు మా డాక్టరు గారి దగ్గర నిలబడి వినయంగా చెప్పాడు.

“నీళ్ళు మొత్తం ఎప్పుడూ మార్చకండి సార్. పదిహేను రోజులకోసారి పావు వంతు తీసి, నిలవుంచిన నీళ్ళు పోస్తే చాలు. ఫిల్టరు గట్టిగా కడగకండి. అందులో కంటికి కనపడని మంచి క్రిములుంటాయి. చేపల్ని కాపాడేవి అవే.”

క్రిములు అనగానే డాక్టరు గారి మొహం మారింది. ఆయన తప్పు లేదు. ముప్పై ఏళ్ళుగా ఆయన చదివినదీ సంతకం పెట్టినదీ క్రిములు ఉండకూడదన్న కాగితాలే. మంచి క్రిములు అన్న వర్గీకరణ ఆయన దగ్గరకి ఏ సర్క్యులర్లోనూ రాలేదు.

“భుజంగరావు, ఈ తొట్టిని శుభ్రతా చార్టులోకి తీసుకొచ్చారా?” అన్నారు ఆ కుర్రవాడు వెళ్ళగానే.

శుభ్రతా చార్టు సంగతి చెప్పాలి. మా ఆసుపత్రిలోని ప్రతి చోటూ రెండు రకాలుగా విడిపోయి ఉంటుంది. పొడి ప్రదేశాలు, తడి ప్రదేశాలు. పొడి ప్రదేశాన్ని రోజుకోసారి తుడిస్తే చాలు. తడి ప్రదేశాన్ని రోజుకి మూడుసార్లు నీళ్ళన్నీ తీసేసి, బ్లీచింగు నీళ్ళతో రుద్ది కడిగి, గోడకి తగిలించిన చార్టులో పనిమనిషి ఒక సంతకం, హెడ్ నర్సు ఒక సంతకం పెట్టాలి. మా తడి ప్రదేశాలు ఆరు: నాలుగు మరుగుదొడ్లు, ఒక స్నానాల గది, గిన్నెలు కడిగే తొట్టి. చేపల తొట్టి ఏ రకంలోకి వస్తుందని నేను హెడ్ నర్సు సువార్తమ్మ గారిని అడిగాను. ఆవిడ వచ్చి, తొట్టిని ఇటునుంచీ అటునుంచీ చూసి, “తడిగానే ఉంది కదండీ” అన్నారు. ఆ విధంగా అది తడి ప్రదేశం నెంబరు ఏడు అయింది. గళ్ళు గీసి, టైపు చేసి, తొట్టి పక్కన గోడకి అతికించింది నేనే.

హాలు శుభ్రం చేసే పని అసిరమ్మది. యాభై దాటిన మనిషి. కాంట్రాక్టు ఏజెన్సీ తరఫున పదకొండేళ్ళుగా మా దగ్గరే చేస్తోంది. సంతకం పెట్టడం ఇక్కడే, నా బల్ల దగ్గరే నేర్చుకుంది. నాలుగక్షరాలూ విడివిడిగా, ఒత్తి ఒత్తి రాస్తుంది. ఆ రోజుల్లోనే ఒక మంచి కబురు తిరుగుతోంది. పదేళ్ళు దాటిన పారిశుద్ధ్య కార్మికుల్ని పర్మినెంటు చేస్తారట, జాబితా పంపమన్నారు. మా జాబితాలో మొదటి పేరు అసిరమ్మదే. షరతు ఒక్కటే, వాళ్ళ మీద మెమో ఏదీ ఉండకూడదు.

“ఆ అబ్బి కడగొద్దని సెప్పినాడు కదండి” అంది అసిరమ్మ, చార్టు చూసి.

“చార్టులో ఉంది అసిరమ్మా. కడక్కుండా నేను సంతకం పెట్టను” అన్నారు సువార్తమ్మ గారు.

“సేపల్నేటి సెయ్యమంతారు?”

“బకెట్లో వేసి, కడిగాక మళ్ళీ వెయ్యి.”

అసిరమ్మ చేపల్ని బకెట్లో వేసింది. తొట్టి ఖాళీ చేసి, గులకరాళ్ళు తీసి, బ్లీచింగు నీళ్ళతో తళతళలాడేలా కడిగి, పంపు నీళ్ళు పట్టి చేపల్ని మళ్ళీ వదిలింది. రోజుకి మూడుసార్లు. ఆవిడ ఏ పనైనా దొంగాట ఆడే మనిషి కాదు. నాలుగో రోజుకి పన్నెండూ వెల్లకిలా తేలాయి.

డాక్టరు గారు వచ్చి చూశారు. “ఇన్‌ఫెక్షన్” అన్నారు. ఆసుపత్రిలో ఇన్‌ఫెక్షన్ వల్ల మరణం సంభవిస్తే ఏం చెయ్యాలో స్పష్టమైన ఆదేశం ఉంది. సదరు ప్రదేశంలో శుభ్రపరచే సంఖ్యను రెట్టింపు చెయ్యాలి. నేను మూడు గళ్ళ చార్టు చింపేసి ఆరు గళ్ళది అతికించాను. పొద్దున్న ఆరుకి మొదలుపెట్టి రెండు గంటలకోసారి.

మరణాల ఆడిట్ కూడా జరగాలన్నారు. చేపలకి విడిగా ఫారం లేదు కాబట్టి మనుషుల ఫారమే వాడాం. పన్నెండు ఫారాలు నింపాను. వృత్తి అన్న చోట ‘ఈత’ అని రాశాను. ‘మరణ వార్త బంధువులకు తెలియజేయబడినదా?’ అన్న చోట ‘బంధువులందరూ అదే తొట్టిలో ఉన్నందున విడిగా తెలియజేయలేదు’ అని రాశాను. డాక్టరు గారు అన్నిటిమీదా సంతకం పెట్టారు. ఒక్క ఫారంలో మాత్రం వయసు రాయలేదని వెనక్కి పంపారు.

రెండో విడత పన్నెండు చేపలొచ్చాయి. ఆరుసార్ల శుభ్రతకి అవి రెండు రోజులు ఆగాయి. మూడో రోజు పొద్దున్నే నీటి పైకొచ్చి నోళ్ళు తెరుస్తూ మూస్తూ ఉంటే, డాక్టరు గారు నన్నూ సువార్తమ్మ గారినీ గదిలోకి పిలిచారు.

“మరణాల రేటు నూరు శాతం. ఇది జిల్లా సమీక్షలో మనకి ఇబ్బందికరమైన అంకె. ఇకమీదట ఈ ప్రాంగణంలో మరణం సంభవించరాదు. పరిస్థితి విషమించిన వాటిని ముందుగానే గుర్తించి పై ఆసుపత్రికి రిఫర్ చెయ్యండి. మనుషుల విషయంలో మనం పాటిస్తున్న విధానమే.”

అది నిజమే. మా ఆసుపత్రిలో మనుషుల మరణాల రేటు జిల్లా మొత్తానికి తక్కువ. కారణం మా అంబులెన్సు కండిషన్లో ఉండటమే.

అన్నిటికన్నా ఎక్కువగా రొప్పుతున్న బంగారు చేపని పాలిథీన్ సంచీలో వేసి, ‘మెరుగైన వైద్యం నిమిత్తం’ అని రిఫరల్ కాగితం రాశాను. జిల్లా ఆసుపత్రి హాల్లో కూడా ఒక తొట్టి ఉందని డాక్టరు గారికి తెలుసు. అంబులెన్సు సైరన్ వేసుకుని వెళ్ళింది, మధ్యాహ్నం తిరిగొచ్చింది. వాళ్ళు కాగితం వెనక రాసి పంపారు: ‘తీసుకొచ్చేసరికే మృతి. అదీగాక మా తొట్టిలో ఖాళీ లేదు.’ వాళ్ళ తొట్టి అప్పటికి మూడు నెలలుగా ఎండిపోయి ఉందని డ్రైవరు చెప్పాడు. మిగిలిన పదకొండూ రిఫర్ చేసేలోపే మా దగ్గరే పోయాయి.

ఆ వారంలో ఒక రోజు సువార్తమ్మ గారు నా బల్ల దగ్గర కూర్చుని టీ తాగుతూ మెల్లగా అన్నారు.

“కడగటం వల్లే చస్తున్నాయని నాకూ తెలుసు భుజంగరావు గారూ. మా అన్నయ్యగారింట్లో తొట్టి ఉంది. ఆరు నెలలకోసారి కూడా ముట్టుకోరు. నాచు పట్టి ఉంటుంది, చేపలు అరచెయ్యంత ఉన్నాయి.”

“మరి డాక్టరు గారికి చెప్పకపోయారా?”

“చార్టులో ఉన్నది నా సంతకం. కడగొద్దని నేను నోటితో అంటే, రేపు మరుగుదొడ్లు కడగలేదేమని అడిగినప్పుడు కూడా నేనే అన్నానంటారు. రిటైరు కావడానికి పద్నాలుగు నెలలుంది నాకు.”

నేనూ డాక్టరు గారి దగ్గరికి వెళ్ళలేదు. చార్టు టైపు చేసింది నేను.

మూడో విడత చేపలొచ్చిన మర్నాడే పారిశుద్ధ్య కార్మికులు సమ్మెకి దిగారు. వారానికో రోజు సెలవు కావాలని వాళ్ళ కోరిక. పదిహేడు రోజులు గేటు ముందు టెంటులో కూర్చున్నారు. మా మరుగుదొడ్లు ఎలా ఉన్నాయో నేను రాయను. డాక్టరు గారు గదిలోంచి బయటికి రావడం మానేశారు. తొట్టి వంక చూసిన వాళ్ళు లేరు. రోజూ పొద్దున్నే నేనే చిటికెడు మేత వేసేవాణ్ణి.

చేపలు బతికాయి. మొదటి వారంలో కాస్త నీరసంగా ఉన్నా తరవాత తేరుకున్నాయి. నీళ్ళకి లేత ఆకుపచ్చ రంగొచ్చింది. గాజుకి పట్టిన నాచుని అవి గీకుతూ తిన్నాయి. పదిహేనో రోజున ఒక నల్ల చేప పదకొండు పిల్లల్ని పెట్టింది. హాల్లో జనం మూగారు. కట్టు కట్టించుకోవడానికొచ్చిన ఒక ముసలాయన కట్టు సంగతి మర్చిపోయి గంటసేపు చూశాడు. మూడు వందల ఆరో అంశం పనిచెయ్యడం నేను చూసింది ఆ రెండు రోజులే. నాకు నిజంగా సంతోషం వేసింది. జననాల రిజిస్టరు తీసి, పదకొండు అని పెన్సిలుతో రాసుకున్నాను.

సమ్మె విరమించారు. పొద్దున్న ఆరింటికి అసిరమ్మ వచ్చి, తొట్టి ముందు నిలబడి చాలాసేపు చూసింది.

“బాబూ, ఇవి బతికున్నాయి. పిల్లల్ని కూడా పెట్టీసినాయి. ఇలగే ఒగ్గీమని సెప్పండి పెద్ద డాట్రుకి” అంది నాతో.

నేను లోపలికి వెళ్ళి చెప్పాను. డాక్టరు గారు బయటికొచ్చి, ఆకుపచ్చ నీళ్ళు చూసి ముక్కు మూసుకున్నారు.

“పదిహేడు రోజుల బకాయి ఉంది. ఈ రోజే మొదలుపెట్టమనండి” అన్నారు.

రెండు రోజుల్లో పెద్దవీ పిల్లలూ కలిపి ఇరవై మూడూ పోయాయి. పిల్లల్లో కొన్ని బకెట్లోకి ఎక్కించేటప్పుడే జారిపోయాయి. అసిరమ్మ వాటిని అరచేతిలో పెట్టుకుని తెచ్చి నా బల్ల మీద కాగితంలో పోసింది. పెన్సిలుతో రాసిన పదకొండుని రబ్బరుతో చెరిపేశాను.

పతకం తనిఖీకి రెండు నెలలే ఉంది. డాక్టరు గారు విచారణ సంఘం వేశారు. ఆయన అధ్యక్షుడు, సువార్తమ్మ గారు సభ్యురాలు, నేను కన్వీనరు. కన్వీనరు అంటే కుర్చీలు వేసి, టీ చెప్పి, చివర్లో నివేదిక టైపు చేసేవాడు. ‘మరణాల వెనుక గల మూల కారణాన్ని గణాంక సహితంగా నిర్ధారించుట’ మా పని.

గణాంకాలు అనగానే నాకు ఆశ పుట్టింది. నోటితో చెప్తే వినని మనిషి అంకెలైతే వింటాడని అనుకున్నాను. రెండు రోజులు కూర్చుని ఒక పట్టిక తయారు చేశాను. ఎడమ వైపు తేదీ. పక్కన, ఆ రోజు తొట్టి ఎన్నిసార్లు కడిగారు. ఆ పక్కన ఎన్ని చచ్చాయి. మూడుసార్లు కడిగిన రోజుల్లో చావులు, ఆరుసార్లు కడిగిన రోజుల్లో అంతకు రెట్టింపు చావులు, కడగని పదిహేడు రోజుల్లో వరసగా పదిహేడు సున్నాలు. చదువురాని వాడికి చూపించినా అర్థమవుతుంది. చార్టులో ఉన్నట్టే ఉండాలి కదా అని, చివర ‘శుభ్రం చేసినవారు’ అన్న గడి కూడా పెట్టి అసిరమ్మ పేరు రాశాను. ఆ గడి పెట్టకపోయినా పట్టికకి ఏ లోటూ ఉండేది కాదు. ఇప్పటికీ ఆ మాటే అనుకుంటూ ఉంటాను.

డాక్టరు గారు పట్టికని చాలా శ్రద్ధగా చూశారు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు.

“ఇది అద్భుతమైన పని భుజంగరావు. మీరేం గమనించారు?”

“శుభ్రం చెయ్యడం వల్లే చేపలు చచ్చిపోతున్నాయండీ.”

సువార్తమ్మ గారు టీ కప్పులోకి చూస్తున్నారు.

“భుజంగరావు” అన్నారు డాక్టరు గారు, జ్వరం వచ్చిన పిల్లవాడితో మాట్లాడినట్టు. “మనది ఆసుపత్రి. శుభ్రత వల్ల ప్రాణం పోతుందని ఒక ఆసుపత్రి రాతపూర్వకంగా అంగీకరించగలదా? ఈ నివేదిక కలెక్టరు గారి దాకా వెళ్తుంది. రేపు ప్రసూతి వార్డు కూడా కడగం అంటారా?”

“చేపల సంగతి వేరు కదండీ.”

“శుభ్రత అన్నది సూత్రం. సూత్రానికి మినహాయింపు ఉండదు. కాబట్టి ఈ గడిని పక్కన పెట్టండి” అని రెండో గడి మీద స్కేలు అడ్డం పెట్టారు. “ఇప్పుడు మిగిలిన పట్టిక ఏం చెప్తోంది? మరణాలు సంభవించిన ప్రతి రోజూ ఇక్కడ ఒకే పేరు ఉంది. ఆ పేరు లేని పదిహేడు రోజుల్లో ఒక్క మరణం కూడా లేదు. పైగా జననాలు ఉన్నాయి. ఇంత స్పష్టమైన గణాంకం నా సర్వీసులో చూడలేదు.”

స్కేలు అడ్డం పెడితే ఆ పట్టికలో నిజంగానే అంతకన్నా ఇంకేమీ లేదు.

“ఆమె కావాలని చేసిందని మనం అనడం లేదు” అన్నారు ఆయన దయగా. “కొందరి చెయ్యి కొన్ని జీవులకి పడదు. అది వైద్యశాస్త్రం ఇంకా పరిశోధించవలసిన విషయం. సువార్తమ్మ గారూ, మీ అభిప్రాయం?”

“మీరు చెప్పినట్టే సార్” అన్నారు సువార్తమ్మ గారు.

మెమో ఇచ్చారు. ‘మీరు విధుల్లో ఉన్న దినములలో మాత్రమే మత్స్య మరణములు సంభవించుటకు గల కారణమును మూడు దినములలో లిఖితపూర్వకముగా తెలుపవలెను.’ అసిరమ్మ ఆ కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది.

“సదివి సెప్పండి బాబూ.”

చదివాను. రెండోసారి చదవమంది, చదివాను.

“నాను లేనప్పుడు బతికినాయని రాసినారు. నాను లేనప్పుడు కడగనేదు కదా, అందుకు బతికినాయి. అది రాయనేదేటి?”

“రాశాను అసిరమ్మా. ఆ గడి తీసేశారు.”

“అలగైతే నా జవాబు రాయండి. కడగమంతే కడిగినాను. కడగొద్దంతే మానేద్దును. నా సొంతాన నానేటీ సెయ్యనేదు. అంతే.”

నేను దాన్ని ఆఫీసు భాషలోకి మార్చి రాశాను. ‘పై అధికారుల ఆదేశముల మేరకు, నిబంధనలలో సూచించిన అన్ని పర్యాయములు, ఒక్కటి కూడా తప్పక నేను స్వయముగా తొట్టిని శుభ్రపరచితిని.’ చదివి వినిపిస్తే, “అదే, బాగుంది” అని నాలుగక్షరాలూ ఒత్తి రాసింది. డాక్టరు గారు దాన్ని చదివి, ‘అన్ని పర్యాయములు స్వయముగా’ అన్న మాటల కింద ఎర్ర గీత గీశారు. నేరం ఒప్పుకున్నట్టు నమోదైంది. జాబితాలోంచి పేరు పోయింది, నెల తిరక్కుండా ఏజెన్సీ వాళ్ళు ఆవిణ్ణి పనిలోంచే తీసేశారు. మెమో ఉన్న మనిషిని వాళ్ళు ఉంచుకోరు.

ఆవిణ్ణి కాపాడదామని నేను గీసిన పట్టిక ఆవిడ మీద మొదటి సాక్ష్యం అయింది, నేను రాసిన జవాబు రెండో సాక్ష్యం అయింది.

అక్కడితో ఆగితే బాగుండేది. అసిరమ్మ స్థానంలో కొత్త మనిషిని పంపడానికి ఏజెన్సీకి ఇరవై మూడు రోజులు పట్టింది. ఆ ఇరవై మూడు రోజులూ తొట్టి కడిగినవాళ్ళు లేరు. నాలుగో విడత పన్నెండు చేపలూ నిక్షేపంగా బతికాయి. డాక్టరు గారు జిల్లా సమీక్షలో నా పట్టికని తెర మీద వేసి చూపించారు. మూల కారణాన్ని తొలగించిన మరుక్షణం మరణాల రేటు సున్నాకి వచ్చిందన్నారు. చప్పట్లు కొట్టారట. తిరిగొచ్చి ఆయన నాకు ఒక స్వీటు ప్యాకెట్టు ఇచ్చారు.

ఇరవై నాలుగో రోజు రామినాయుడు అని కొత్త మనిషి వచ్చాడు. బక్కపల్చని వాడు, చెప్పిన పని చేసేవాడు. వాడు చార్టు చదివి, బకెట్టు అందుకున్నాడు. రెండు రోజుల్లో ఆరు చేపలు పోయాయి. నేను ఏ చావుకీ సంతోషించకూడని ఉద్యోగంలో ఉన్నాను, కానీ ఆ ఆరింటికీ మాత్రం లోలోపల సంతోషించాను. పట్టికలో కొత్త వరసలు చేర్చి డాక్టరు గారి గదిలోకి పరిగెత్తినంత పని చేశాను.

“సార్, మనిషి మారాడు. చావులు మారలేదు. కాబట్టి తప్పు అసిరమ్మది కాదు.”

డాక్టరు గారు కుర్చీలో వెనక్కి వాలారు. ఆయన తెలివితక్కువ మనిషి కాదు. పట్టికని చూసి నిజాయితీగానే ఆలోచించారు.

“మీరు తొందరపడుతున్నారు. అసిరమ్మకీ రామినాయుడికీ ఉమ్మడిగా ఉన్నదేమిటి?”

“ఇద్దరూ కడిగారండీ.”

“మళ్ళీ సూత్రం దగ్గరికి వెళ్తున్నారు. ఇద్దరూ పారిశుద్ధ్య కార్మికులు. లోపం వ్యక్తిది కాదు, మొత్తం కేడరుది. ఆ కేడరు సామీప్యం మత్స్యాలకి పడటం లేదు. మనం మొదట చిన్నగా ఆలోచించాం.”

ఆ సాయంత్రమే ఆదేశం వెలువడింది. పారిశుద్ధ్య కార్మికులెవరూ తొట్టికి పదడుగుల లోపు రాకూడదు. ఇంతకు ముందు ఉన్నవారికి కూడా ఇది వర్తిస్తుందని, అందరి పేర్లతో సహా ఆ ఆదేశాన్ని గోడకి అతికించారు. హాల్లో తొట్టి చుట్టూ పసుపు రంగుతో గీత గీశారు. శుభ్రతా చార్టు మాత్రం యథావిధిగా కొనసాగాలి, ఎందుకంటే నాణ్యతా పరీక్షలో చార్టుకి విడిగా మార్కులున్నాయి. కడిగేవాళ్ళు గీత దాటకూడదు, చార్టు ఖాళీగా ఉండకూడదు కాబట్టి, రోజుకి ఆరు సంతకాలు పెట్టే బాధ్యత ఆఫీసు సిబ్బందికి అప్పగించారు. ఆఫీసు సిబ్బంది అంటే నేను. కడగమని ఆ ఆదేశంలో ఎక్కడా లేదు, సంతకం పెట్టమని మాత్రమే ఉంది. నేను ఆదేశాన్ని అక్షరాలా పాటించాను.

మిగిలిన ఆరు చేపలూ బతికాయి, పిల్లల్ని పెట్టాయి. తనిఖీకి వచ్చినవాళ్ళు ఆరు గళ్ళ చార్టునీ, లోపలి చేపల్నీ చూసి మెచ్చుకున్నారు. ఒకాయన ఆకుపచ్చ నీళ్ళని చూసి, సహజసిద్ధమైన వాతావరణం అని రాసుకున్నాడు. మాకు పతకం వచ్చింది.

పతకం వచ్చిన సంతోషంలో డాక్టరు గారు మెత్తగా ఉంటారని, ఆ వారమే ఒక ఫైలు పట్టుకుని వెళ్ళాను. అసిరమ్మ మెమో రద్దు చెయ్యాలని నోట్ రాశాను. లోపం వ్యక్తిది కాదు, కేడరుది అని వారే తేల్చారు కదా.

డాక్టరు గారు నోట్ అంతా చదివారు. తలుపు వెయ్యమన్నారు. మొట్టమొదటిసారి ఆఫీసు భాష పక్కన పెట్టి మాట్లాడారు.

“భుజంగరావు, నేను కూడా డాక్టరునే. నాకు తెలియదనుకుంటున్నారా? ఆ మెమో రద్దు చేస్తే మొదటి నివేదిక తప్పవుతుంది. దాని మీద ఆధారపడి రెండో నివేదిక ఇచ్చాం, దాని మీద ఆ గీత గీశాం. మెమో పోతే గీత పోతుంది. గీత పోతే రేపు పొద్దున్న ఆరింటికి రామినాయుడు బకెట్టుతో వస్తాడు. చేపలు చస్తాయి. ఆవిడ తప్పు చేసినట్టు కాగితం మీద ఉన్నంతకాలమే అవి బతికి ఉంటాయి.”

“చార్టులోంచి ఏడో నెంబరు తీసేస్తే సరిపోతుంది కదండీ.”

“ఏమని తీస్తాం? తడిగా లేదని రాస్తారా?”

ఫైలు తీసుకుని బయటికొచ్చాను.

మొన్న సోమవారం అసిరమ్మ ఓపీకి వచ్చింది. మనిషి సగమైంది. చీటీ రాసే కౌంటరు దగ్గర నన్ను చూసి నవ్వింది. దగ్గు అట, రెండు నెలలుగా తగ్గడం లేదట. ఇప్పుడు జీడి తోటల్లో కూలికి పోతోందట. చీటీ తీసుకుని, బెంచీ ఖాళీగా ఉంటే వెళ్ళి కూర్చుంది. ఆ బెంచీ గీతకి అవతల, తొట్టి వైపు ఉంది. సెక్యూరిటీ మనిషి వచ్చి లేపాడు.

“నువ్వు ఇవతల కూకోవాల. గోడ మీది ఆర్డర్లో నీ పేరుంది.”

“నానిప్పుడు మీ పని మనిసిని కాదు కదేటి. జబ్బు మనిసిని.”

“పేరుందమ్మా. నానేటి సేసీది?”

అసిరమ్మ లేచి, గీత ఇవతల నేల మీద గోడకి చేరగిలబడి కూర్చుంది. నేను కౌంటరు వదిలి వెళ్ళి ఆవిడ పక్కన నిలబడ్డాను. తొట్టిలో పెద్ద చేపలు నెమ్మదిగా తిరుగుతున్నాయి, పిల్లలు నాచులోకి దూరుతున్నాయి. ఆవిడ మెడ చాచి అటే చూస్తోంది.

“బాగా బలిసినాయి బాబూ. ఎవులు కడుగుతన్నారు?”

“ఎవరూ కడగటం లేదు.”

“మరి కాయితం నిండా సంతకాలున్నాయి గదా?”

“అవి నేను పెడుతున్నాను.”

ఆవిడ గోడ మీది చార్టు వంక చూసింది. మొహంలో కోపం లేదు. అది ఉంటే నాకు కొంత సులువుగా ఉండేది.

“మంచి పని సేత్తన్నారు. ఆ దినాల్లో నాను కూడా సంతకం పెట్టీసి ఊరుకుంటే సరిపోయీది. నాకు తెల్లేదు. నిజంగా కడిగీసినాను” అంది. దగ్గు వచ్చి, తగ్గాక మళ్ళీ అంది, “నాదే తప్పు.”

కాదని చెప్పాలని నోటి దాకా వచ్చింది. లోపలి నుంచి ఎవరో ఆవిడ నెంబరు పిలిచారు. చెయ్యి గోడకి ఆనించి లేచి, గీత తొక్కకుండా పక్క నుంచి వెళ్ళింది.

పన్నెండయింది. నేను గీత దాటి వెళ్ళి నాలుగో గడిలో సంతకం పెట్టాను.